వేడికి రంగు మారే లోహ ద్రావణాలు: మీ గది ఉష్ణోగ్రతకు సరిపడేలా తయారుచేసుకునే పద్ధతి

"కోబాల్ట్ క్లోరైడ్ ద్రావణాన్ని వీడియోలో చూపినట్టే చేశాను. చల్లబరిస్తే గులాబీ, వేడిచేస్తే నీలం రావాలి కదా, నాకు ఎప్పుడూ నీలమే." వేసవిలో ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి వచ్చే ప్రశ్న ఇది. డిసెంబరులో కోరాపుట్, జయపురం నుంచి దీనికి సరిగ్గా ఎదురు ఫిర్యాదు వస్తుంది: ఎంతసేపు చూసినా గులాబీయే.

వీళ్ళెవరూ తప్పు చేయలేదు. ఆ వీడియోల్లో చెప్పే పాళ్లు 20, 25 డిగ్రీల మధ్య ఉండే గదులకు కుదిరినవి. మన గదులు అలా ఉండవు. మే నెల మధ్యాహ్నం ఒకలా, కొండమీది చలికాలపు ఉదయం ఇంకోలా ఉంటాయి. కాబట్టి "ఇన్ని చుక్కల నీళ్లు పోయండి" అని నేను చెప్పను. ఎన్ని చుక్కలు పోయాలో మీ గదిలో మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను.

1. ఏ ప్రయోగం మీకు సరిపోతుంది

ఈ కోవలో చేయదగినవి నాలుగు. అన్నీ చేయనక్కరలేదు.

– మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఉప్పు: ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు. చవక. రంగు నీలిపచ్చ నుంచి పసుపు కలిసిన ఆకుపచ్చ వైపు జరుగుతుంది. మార్పు నిజమే కానీ, వెనుక బెంచీ వాళ్లకు కనిపించేంత ఉండదు.

– కోబాల్ట్ క్లోరైడ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్: పదకొండు, పన్నెండు తరగతులకు, ఉపాధ్యాయులు పక్కనుండగా. సమతాస్థితి (రెండు వైపులా జరిగే చర్య ఒక నిలకడకు రావడం) పాఠానికి ఇంతకంటే మంచి ప్రదర్శన నాకు తెలియదు. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దీనికే.

– కోలీన్ క్లోరైడ్ ద్రవంలో కోబాల్ట్ లేదా నికెల్: డిగ్రీ విద్యార్థులకు. అయానిక ద్రవాల (ద్రవంగా ఉండే లవణాల) జోలికి తక్కువ ఖర్చుతో వెళ్లే దారి.

– డైఇథైల్ అమ్మోనియం టెట్రాక్లోరోక్యుప్రేట్ స్ఫటికాలు: ఆకుపచ్చ నుంచి పసుపుకు మారే రాగి లవణం. కళాశాల ప్రయోగశాలలో మాత్రమే.

సైన్సు ప్రదర్శన ఎల్లుండే ఉందంటే మొదటిదే చేయండి. రెండోదానికి కనీసం ఒక పూట సర్దుబాటుకే పోతుంది.

పసుపు నుంచి నారింజకు మారే సిల్వర్ మెర్క్యురిక్ అయొడైడ్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అది సుమారు 50 డిగ్రీల దగ్గర రంగు మారుతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ అది పాదరస లవణం. బడిలో వద్దు, ఇంట్లో అసలే వద్దు.

2. పాళ్ల వెనుక ఉన్న లెక్క

ఈ భాగం దాటేసి వెళ్లాలనిపిస్తుంది. దాటేయకండి. కింద వచ్చే ప్రతి సర్దుబాటూ దీని మీదే ఆధారపడి ఉంది.

కోబాల్ట్ అయాను చుట్టూ ఆరు నీటి అణువులు చేరితే అష్టముఖి ఆకారం, గులాబీ రంగు. నాలుగు క్లోరైడ్ అయాన్లు చేరితే చతుర్ముఖి ఆకారం, నీలం రంగు. గులాబీ నుంచి నీలానికి వెళ్లే చర్య వేడిని పీల్చుకుంటుంది. అందుకే వేడిచేస్తే నీలం, చల్లబరిస్తే గులాబీ. ఆల్కహాల్‌లో చేసినప్పుడు మధ్యరకం రూపాలు కూడా ఏర్పడతాయి గానీ, పని నడిచేది ఇదే లెక్కన.

నీళ్లు పోస్తే సమతాస్థితి గులాబీ వైపు జరుగుతుంది. క్లోరైడ్ పెంచితే నీలం వైపు జరుగుతుంది. ఉష్ణోగ్రతతో కలిపి పగ్గాలు మూడు. గది ఉష్ణోగ్రత మన చేతిలో లేదు కాబట్టి మిగిలిన రెండింటితో దాన్ని సరిచేయాలి.

ఎంత సరిచేయాలి? ఈ చర్యకు నీళ్లలో కావలసిన వేడి మోలుకు సుమారు 50 కిలోజౌళ్లు. ఆ విలువతో లెక్క వేస్తే, 10 డిగ్రీల ఉదయానికీ 40 డిగ్రీల మధ్యాహ్నానికీ మధ్య సమతాస్థితి స్థిరాంకం ఏడెనిమిది రెట్లు మారుతుంది. కోరాపుట్‌లో జనవరిలో చక్కగా కుదిరిన సీసాను మే నెలలో బరంపురం తీసుకొస్తే పనిచేయకపోవడంలో వింతేమీ లేదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. నీలం రూపం 690 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని ఎంత బలంగా పీల్చుకుంటుందంటే, 510 దగ్గర గులాబీ రూపం పీల్చుకునేదానికి అది దాదాపు వంద రెట్లు. అంటే వంద అయాన్లలో నాలుగైదు నీలంగా మారినా ద్రావణం గులాబీలా కనిపించదు. కంటికి సగం సగంగా తోచే వంగపండు రంగు దగ్గర కూడా చాలా అయాన్లు గులాబీ రూపంలోనే ఉంటాయి. స్వచ్ఛమైన గులాబీ కావాలంటే ద్రావణాన్ని మీరు అనుకున్నదానికంటే ఇంకాస్త ఆ వైపు జరపాలి.

3. సమకూర్చుకోవలసినవి

మొదటి ప్రయోగానికి:

– మైలుతుత్తం, 2 గ్రాములు. తోటలకు బోర్డో మిశ్రమం కలుపుకునేవాళ్ల కోసం పురుగుమందుల దుకాణాల్లో ఉంటుంది. ఒడియా దుకాణంలో తుతియా అనీ, సిరొంచ, బల్లార్షా వైపు మరాఠీ దుకాణంలో మోర్చూద్ అనీ అడగండి.
– ఉప్పు, 20 గ్రాములు. కల్లుప్పయినా ఫరవాలేదు, వడకట్టుకోవాలి.

రెండో ప్రయోగానికి:

– కోబాల్ట్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, 1 గ్రాము. ముదురు గులాబీ స్ఫటికాలు. చిన్న సీసా కొంటే చాలా కాలం వస్తుంది.
– ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం, 100 మి.లీ. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ పనికిరాదు. అందులో నీళ్లు ఎక్కువ, పైగా చిక్కబరిచే పదార్థాలు ఉంటాయి. ఇథనాల్ కూడా పనిచేస్తుంది గానీ, దానికి ఎక్సైజు అనుమతుల తలనొప్పి ఉంది.

అన్నిటికీ:

– బ్యాటరీ నీళ్లు (లవణాలు తీసేసిన నీళ్లు), ఒక లీటరు. బోరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు లెక్కను పాడుచేస్తాయి, మైలుతుత్తాన్ని మసకబారుస్తాయి.
– 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం.
– ఆల్కహాల్ నింపిన థర్మామీటరు లేదా డిజిటల్ థర్మామీటరు. పాదరసానిది పగిలితే ఇంకో సమస్య.
– గాజు బీకర్లు, మూత బిగించే గాజు నాళికలు, డ్రాపరు, గాజు కడ్డీ.
– విద్యుత్ కెటిల్, ఐసు. పండ్ల రసాల బండి దగ్గరో, చేపల బజారులోనో కిలో ఐసు సులభంగా దొరుకుతుంది.
– నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు.
– తెల్ల కాగితం. నాళిక వెనుక పెట్టకపోతే లేత గులాబీని గుర్తించలేరు.

4. సీసా తెరిచే ముందు

కోబాల్ట్ క్లోరైడ్ పొడి ఊపిరితో లోపలికి పోవడం ప్రమాదం. అది క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న పదార్థం, చర్మానికి అలర్జీ కూడా తెప్పిస్తుంది. నికెల్ లవణాలదీ అదే తీరు. స్ఫటికాలను నూరకండి. ఫ్యాను కింద తూచకండి. తూచే పని ఉపాధ్యాయులే చేసి, పిల్లలకు ద్రావణం మాత్రమే ఇవ్వండి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. మన ఊళ్లలో ఏ కాలంలోనూ గది అంతకంటే చల్లగా ఉండదు, కొండల్లో కొన్ని ఉదయాలు తప్ప. అందుకే ఆ గదిలో స్టవ్వు, స్పిరిటు దీపం, అగరొత్తి ఏదీ వెలిగి ఉండకూడదు. వేడి నీళ్లు పక్క గదిలో కాచి తెచ్చుకోండి.

చూసుకోండి:

– కిటికీలు తెరిచి ఉన్నాయి, ఫ్యాను ఆపి ఉంది.
– తినే వస్తువులు, నీళ్ల సీసాలు బల్ల మీద లేవు.
– ప్రతి సీసాకూ పేరు, తేదీ రాసిన చీటీ ఉంది. గులాబీ ద్రావణం చిన్నపిల్లలకు షర్బత్తులా కనిపిస్తుంది. తాగే నీళ్ల ప్లాస్టిక్ సీసాలో ఎప్పుడూ పోయకండి.
– వాడిన ద్రావణం పోయడానికి వేరే గాజు సీసా సిద్ధంగా ఉంది.

5. మైలుతుత్తం, ఉప్పు

50 మి.లీ. బ్యాటరీ నీళ్లలో 2 గ్రాముల మైలుతుత్తం కరిగించండి. అడుగున మడ్డి ఉంటే వడకట్టండి. పురుగుమందుల దుకాణంలో దొరికేది శుద్ధమైన సరుకు కాదు కాబట్టి సాధారణంగా ఉంటుంది. నీలం ద్రావణం వస్తుంది.

ఇప్పుడు కొంచెం కొంచెంగా ఉప్పు వేస్తూ కలపండి. 18 గ్రాముల దగ్గరకు వచ్చేసరికి ఇక కరగదు. రంగు నీలిపచ్చకు తిరుగుతుంది. నీటి అణువుల స్థానంలో క్లోరైడ్ చేరడమే కారణం.

పైన తేరిన ద్రావణాన్ని మూడు నాళికల్లో పోయండి. ఒకటి ఐసులో, ఒకటి గదిలో, ఒకటి 80 డిగ్రీల నీళ్లలో. అయిదు నిమిషాలు ఆగి మూడింటినీ తెల్ల కాగితం ముందు పక్కపక్కన పెట్టండి. విడివిడిగా చూస్తే తేడా లేదనిపిస్తుంది. పక్కన పెడితే తెలుస్తుంది.

ఈ ప్రయోగంలో పెద్ద తప్పు ఒకటే: వంటింటి అల్యూమినియం గిన్నె వాడటం. రాగి, క్లోరైడ్ కలిసిన ద్రావణం అల్యూమినియాన్ని తినేస్తుంది. వేడెక్కి నురగలు కక్కుతూ గిన్నెకు చిల్లులు పడతాయి. ఇనుప చెంచా పెట్టినా దాని మీద రాగి పూత పట్టి ద్రావణం చెడుతుంది. గాజు తప్ప ఏదీ వద్దు.

6. కోబాల్ట్ ద్రావణం: దశలవారీగా

మొదటి దశ. 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 గ్రాము కోబాల్ట్ క్లోరైడ్ వేసి గాజు కడ్డీతో కలపండి. నెమ్మదిగా కరుగుతుంది. తొందరగా కావాలంటే బీకరును 40 డిగ్రీల నీళ్లలో ఉంచండి. గులాబీ స్ఫటికాలు ముదురు నీలం ద్రావణమవుతాయి. స్ఫటికంలోని నీళ్లు ఆల్కహాల్‌లో పలచబడిపోవడం వల్ల క్లోరైడ్‌దే పైచేయి అవుతుంది.

రెండో దశ. అందులోంచి 20 మి.లీ. తీసి మూత బిగించి పక్కన పెట్టండి. దీనికి "మూల నీలం" అని చీటీ అంటించండి. ఈ దశను వదిలేసేవాళ్లే తరువాత చిక్కులో పడతారు. నీళ్లు ఎక్కువైతే వెనక్కి రావడానికి ఇదొక్కటే సులువైన దారి.

మూడో దశ. మిగిలిన 80 మి.లీ. ఉన్న బీకరును, మీరు ప్రదర్శన ఇచ్చే వేళ గది ఎంత వేడిగా ఉంటుందో అంత వేడి ఉన్న నీళ్ల తొట్టిలో ఉంచండి. సర్దుబాటు చేసే వేళ ఉన్న వేడి కాదు. (వేరే ఉష్ణోగ్రత ఎంచుకోవలసిన సందర్భాలు ఏడో భాగంలో ఉన్నాయి.) రాత్రి 28 డిగ్రీల్లో సర్దుబాటు చేసి, మర్నాడు మధ్యాహ్నం 41 డిగ్రీల హాలులో చూపిస్తే మొత్తం నీలంగానే ఉంటుంది.

నాలుగో దశ. బ్యాటరీ నీళ్లు 1 మి.లీ. చొప్పున పోస్తూ కలపండి. ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగండి. నీళ్లు, ఆల్కహాల్ కలిసేటప్పుడు ద్రావణం వేడి కాస్త అటూ ఇటూ అవుతుంది, ఆ క్షణంలో కనిపించే రంగును నమ్మకూడదు. మొదట్లో పెద్దగా మార్పు కనిపించదు. విసుగుపుట్టి ఒకేసారి పది మి.లీ. కుమ్మరించవద్దు.

అయిదో దశ. నీలంలో ఎరుపు ఛాయ మొదలైందంటే డ్రాపరుకు మారండి. ఇక చుక్క చుక్కగానే. వంగపండు రంగు రాగానే ఆపండి.

ఆరో దశ. కొద్దిగా ఒక నాళికలో తీసి ఐసు నీళ్లలో పెట్టండి. రెండు మూడు నిమిషాల్లో శుభ్రమైన గులాబీ రావాలి. ఊదా ఛాయ మిగిలితే బీకరులో మరికొన్ని చుక్కల నీళ్లు.

ఏడో దశ. అదే నాళికను 60 డిగ్రీల నీళ్లలోకి మార్చండి. నిండు నీలం రావాలి. రాకపోతే బీకరులో మూల నీలం కొంచెం కలపండి. 65 డిగ్రీలు దాటవద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 82 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంతకు చాలా ముందే గది నిండా ఆవిరి పడుతుంది.

ఎనిమిదో దశ. రెండు పరీక్షలూ నెగ్గాక మూత బిగించే నాళికల్లో మూడింట రెండు వంతుల వరకే నింపండి. పైన ఖాళీ ఉండాలి. మూతలు గట్టిగా ఉన్నాయో లేదో తలకిందులు చేసి చూడండి. ఆల్కహాల్ కొంచెం కొంచెంగా ఎగిరిపోతే వారం తిరిగేసరికి పాళ్లు మారిపోతాయి.

ప్రదర్శనలో నాకు నచ్చిన పద్ధతి: నాళిక అడుగు సగాన్ని మాత్రమే వేడినీళ్లలో ఉంచడం. కింద నీలం, పైన గులాబీ, మధ్యలో ఊదా. కదపకుండా పట్టుకుంటే కాసేపు నిలుస్తుంది. వేడి తప్ప మరేదీ కలపలేదన్న సంగతి పిల్లలకు మాటల కంటే దీనివల్లే ఎక్కువ ఎక్కుతుంది.

గాఢ హైడ్రోక్లోరికామ్లంతో చేసే పాత పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది: 40 మి.లీ. నీళ్లలో 4 గ్రాముల కోబాల్ట్ క్లోరైడ్, దానికి సుమారు 60 మి.లీ. ఆమ్లం. రంగులు గొప్పగా వస్తాయి. కానీ పొగలు లాగే గూడు లేని ప్రయోగశాలలో అంత ఆమ్లం తెరవడం తెలివైన పని కాదు. మన వైపు బడుల్లో ఆ గూడు ఉన్నవి తక్కువే.

7. ఊరినీ కాలాన్నీ బట్టి మధ్యరంగు

వంగపండు రంగును, అంటే మధ్యరంగును, గది ఉష్ణోగ్రత దగ్గరే నిలపాలన్న నియమం లేదు. మీకు ఏ వైపు ఉష్ణోగ్రత తేడా ఎక్కువ దొరుకుతుందో చూసుకోవాలి.

– బరంపురం, పర్లాకిమిడి, ఏప్రిల్ నుంచి జూన్ వరకు: గది 35 నుంచి 40. ఐసుతో గది కంటే 35 డిగ్రీలు తక్కువకు దిగవచ్చు. మధ్యరంగును గది దగ్గరే నిలపండి. చల్లబరచడమే అసలు ప్రదర్శన చేయండి.

– చంద్రపూర్, సిరొంచ, మే నెల: బయట 45 దాటే రోజులుంటాయి. ఉదయం ప్రదర్శన పెట్టుకోండి. మధ్యాహ్నమే తప్పదంటే మధ్యరంగును 42 దగ్గర సర్దండి, నీళ్లు మామూలు కంటే ఎక్కువ పడతాయి. ఐసు కరిగిపోతుంది కాబట్టి ధర్మాకోల్ పెట్టె దగ్గరుంచుకోండి.

– కోరాపుట్, జయపురం, డిసెంబరు, జనవరి: కొండమీది ఉదయాలు 10 డిగ్రీలకు దిగుతాయి. ఐసు తెచ్చినా దొరికే తేడా పది డిగ్రీలే. అందుకే గది దగ్గర పూర్తి గులాబీ ఉండేలా, మధ్యరంగు 30 దగ్గర వచ్చేలా సర్దండి. వేడినీళ్లే ప్రదర్శన. నాళికను అరచేతుల్లో మూసి పట్టుకుంటే కూడా ఊదా ఛాయ వస్తుంది. పిల్లలు దీన్ని వదిలిపెట్టరు.

– రాయగడ, గుణుపురం, వానాకాలం: ఉష్ణోగ్రత మధ్యస్థం, చెమ్మ ఎక్కువ. కోబాల్ట్ క్లోరైడ్ సీసా తెరిచి ఉంచవద్దు. మిగతా పాళ్లకు ఇబ్బంది లేదు.

8. కోలీన్ క్లోరైడ్ ద్రవం

అయానిక ద్రవమంటే గది వేడి దగ్గర కూడా ద్రవంగా ఉండే లవణం. ఆవిరయ్యే గుణం దాదాపు ఉండదు కాబట్టి, ఒకసారి నాళికలో మూసిపెట్టిన రంగు ద్రావణం పాళ్లు మారకుండా నిలుస్తుంది. ఆల్కహాల్‌తో వచ్చే నిప్పు భయం కూడా తగ్గుతుంది. ఇమిడజోలియం లవణాల వంటి అసలు సిసలు అయానిక ద్రవాలు ఖరీదు. థయోసయనేట్ అయానిక ద్రవాల్లో కోబాల్ట్ గది దగ్గర నీలంగా ఉండి, చల్లబరిస్తే ఎర్రబడుతుంది. కానీ ఆ ఎరుపు పూర్తిగా రావాలంటే సున్నాకు చాలా కిందికి వెళ్లాలి, ఇంటి ఫ్రిజ్ సరిపోదు.

మనకు అందుబాటులో ఉన్నది వాటి దాయాది: కోలీన్ క్లోరైడ్, ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం. ఇందులో సగం లవణం కానందువల్ల కచ్చితంగా అయానిక ద్రవం అనరు. రంగు మార్పు తీరు మాత్రం అదే.

అ) శుద్ధమైన కోలీన్ క్లోరైడ్ 14 గ్రాములు, ఇథిలీన్ గ్లైకాల్ 12.4 గ్రాములు ఒక గాజు సీసాలో వేసి మూత పెట్టండి. కోళ్ల దాణాలో కలిపే కోలీన్ క్లోరైడ్ చవకే గానీ, మొక్కజొన్న బెండు పొడి మీద పట్టించి అమ్మే సరుకది. వద్దు.

ఆ) 60, 70 డిగ్రీల నీళ్లలో ఉంచి అప్పుడప్పుడూ కదపండి. తేటగా కరిగిపోతుంది.

ఇ) 0.2 గ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ వేయండి. నీలం వస్తుంది. ఇక్కడి నుంచి నీళ్లు చుక్కలుగా పోసే సర్దుబాటు ఆరో భాగంలో చెప్పిందే. ద్రవం చిక్కగా ఉంటుంది కాబట్టి ప్రతి చుక్క తరువాతా బాగా కలిపి, ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి.

ఈ) నికెల్ చేయాలనుకుంటే కోబాల్ట్ బదులు 0.2 గ్రాముల నికెల్ క్లోరైడ్. గది దగ్గర పసుపు కలిసిన లేత ఆకుపచ్చ, వేడిచేస్తే నీలం. దీనికి నీళ్లు పోయకండి, ఉన్న నీటినే తీసేయాలి. చెమ్మ ఉంటే ఆకుపచ్చగానే మిగిలిపోతుంది. మూత తీసి 90 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచి, వెంటనే మూయండి.

ఈ ద్రవానికి శత్రువు గాలిలోని చెమ్మ. బరంపురంలో ఆగస్టులో నీలం ద్రవాన్ని మూత లేకుండా వదిలేస్తే, చల్లబరచకుండానే అది మెల్లగా గులాబీ వైపు తిరుగుతుంది. ఉష్ణోగ్రత వల్ల అని పొరబడి నివేదిక రాసేవాళ్లున్నారు. అనుమానం ఉంటే థర్మామీటరు చూడండి: వేడి మారకుండా రంగు మారిందంటే నీళ్లు చేరాయని అర్థం.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోట పెట్టవద్దు.

యూరియాతో చేయవచ్చా అని అడుగుతారు. కోలీన్ క్లోరైడ్ 14 గ్రాములకు యూరియా 12 గ్రాములతో ద్రవం ఏర్పడుతుంది. అయితే ఎరువుల దుకాణంలో దొరికే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, ద్రవం మసకగా వస్తుంది. ప్రయోగశాల సరుకు తెప్పించుకోండి.

9. ఆకుపచ్చ నుంచి పసుపుకు మారే స్ఫటికాలు

ఇక్కడ ద్రావణం లేదు, ఘనపదార్థమే రంగు మారుతుంది. సుమారు 52, 53 డిగ్రీల దగ్గర ఆకుపచ్చ పోయి పసుపు వస్తుంది. రాగి చుట్టూ నాలుగు క్లోరైడ్లు చదునుగా అమరి ఉన్నవి, హైడ్రోజన్ బంధాల పట్టు సడలగానే చతుర్ముఖి వైపు వంగుతాయి.

డైఇథైల్ అమ్మోనియం క్లోరైడ్ 2.2 గ్రాములను 15 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, కాపర్ క్లోరైడ్ డైహైడ్రేట్ 1.7 గ్రాములను 3, 4 మి.లీ. ఇథనాల్‌లో విడివిడిగా వెచ్చచేసి కరిగించండి. రెండూ కలిపి, నీటిని పీల్చే 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్ గుళికలు కొన్ని వేసి, ఐసులో ఉంచండి. ఆకుపచ్చ సూదుల్లాంటి స్ఫటికాలు దిగుతాయి. గుళికలు ఏరేసి త్వరగా వడకట్టి, చల్లటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి కడిగి, ఆరగానే ద్రవీభవన స్థానం చూసే సన్నటి నాళికల్లో నింపి కొన మూసేయండి. కొన మూయడానికి మంట కావాలి కాబట్టి, ఆల్కహాల్ సీసాలన్నీ ముందు పక్క గదికి పంపండి.

"త్వరగా" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. చెమ్మ తగిలితే స్ఫటికాలు కళ్లముందే జావగా మారతాయి. తీరప్రాంతంలో జూన్ నుంచి అక్టోబరు వరకు ఈ ప్రయోగం జోలికి వెళ్లవద్దు. డిసెంబరు, జనవరి నెలలు దీనికి అనువైనవి.

చంద్రపూర్ వైపు వాళ్లకు ఒక హెచ్చరిక. ఎండలో ఉంచిన కారులోనో, రేకుల కప్పు కిందో 52 డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు. మే నెలలో స్ఫటికాలు పసుపుగా కనిపిస్తే పాడైపోయాయని పారేయకండి. నీడలో చల్లటి నీళ్లలో పెట్టి కొంతసేపు ఆగండి. పచ్చ తిరిగి రావడం వెంటనే జరగకపోవచ్చు.

10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

ఐసులో పెట్టినా నీలం పోవడం లేదు. నీళ్లు చాలలేదు. చుక్కలు పెంచండి. గ్రాము బదులు రెండు మూడు గ్రాములు వేసి ఉంటే ముందు ఆల్కహాల్‌తో పలచచేయండి. చిక్కటి ద్రావణంలో కొద్దిపాటి నీలం రూపం మొత్తాన్ని కప్పేస్తుంది.

వేడిచేసినా గులాబీ పోవడం లేదు. నీళ్లు ఎక్కువయ్యాయి. మూల నీలం కలపండి. అది అయిపోతే తాజాగా చేసుకోండి. ఉప్పు వేసి సరిచేద్దామనుకోకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఉప్పు పెద్దగా కరగదు, అడుగున కూర్చుంటుంది.

మొదటి నుంచే గులాబీగా కరిగింది, నీలం రాలేదు. మీ ఆల్కహాల్‌లో నీళ్లున్నాయి. మందుల దుకాణంలో 70 శాతంది ఇచ్చి ఉంటారు. చీటీ చదవండి.

గులాబీ రంగు తెలియడం లేదు, నీళ్లలా తెల్లగా కనిపిస్తోంది. ద్రావణం పలచన. సన్నటి నాళిక బదులు వెడల్పాటి సీసాలో చూడండి, వెనుక తెల్ల కాగితం పెట్టండి.

మొదటి రోజు బాగుంది, వారానికి రంగు జరిగిపోయింది. మూత వదులు. ఆల్కహాల్ ఎగిరితే గులాబీ వైపు, కోలీన్ ద్రవానికి చెమ్మ చేరితే కూడా గులాబీ వైపే.

ద్రావణం మసకబారింది. బ్యాటరీ నీళ్లకు బదులు కుళాయి నీళ్లు వాడారు. దీనికి మందు లేదు, మళ్లీ చేయండి.

11. వాడిన ద్రావణం ఏం చేయాలి

ముందుగా, పారేయాల్సిన అవసరమే తక్కువ. కోబాల్ట్ ద్రావణం ఎన్నిసార్లయినా రంగు మారుతుంది. మూసిన నాళికలు వచ్చే ఏడాది తరగతికీ పనికొస్తాయి.

తప్పనిసరైతే, కోబాల్ట్, నికెల్, రాగి ద్రావణాలను వేర్వేరుగా ఉంచండి. నీళ్లలో ఉన్న రాగి ద్రావణానికి చాకలి సోడా నీళ్లు పోస్తూ పోతే రంగు మొత్తం అడుగున మడ్డిగా దిగుతుంది. పైనున్న నీళ్లు రంగు లేకుండా తేరేవరకు పోయండి. మడ్డిని వడకట్టి, ఆరబెట్టి, గాజు సీసాలో భద్రపరచండి. ఆల్కహాల్, కోలీన్ ద్రావణాలను ఉన్నవి ఉన్నట్టే మూసి ఉంచండి.

సింకులో, పెరట్లో, బావి దగ్గర పోయవద్దు. మహేంద్రతనయలోకో, నాగావళిలోకో పోయే కాలువలో అసలే వద్దు. ఈ లోహాలు చేపలకూ నాచుకూ చాలా తక్కువ మోతాదులోనే హాని చేస్తాయి. పోగైన సీసాలను ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధీకృత సంస్థకు దగ్గరలోని కళాశాల ప్రయోగశాల ద్వారా అప్పగించండి.

భద్రపరిచే ముందు చీటీ మీద రాయవలసినవి:

– లోహం పేరు, ద్రావణి పేరు.
– తయారుచేసిన తేదీ.
– ఎన్ని డిగ్రీల దగ్గర వంగపండు రంగు వచ్చిందో ఆ అంకె. వచ్చే ఏడాది ఈ సీసా తీసేవారికి అన్నిటికంటే ముందు కావలసింది ఇదే.